ఎర ముందు ఎవరికి తగులుతుంది?

ఎర, గాలం అనే మాటలు అశోకా రోడ్డుకు కొత్త కావు. ఢిల్లీలో ప్రభుత్వం మారబోతోందన్నా, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఓ పార్టీ చీలబోతోందన్నా తెలుగు పత్రికల శీర్షికల్లో ముందుగా కనిపించేవి ఆ రెండు మాటలే. ఫలానా ఎమ్మెల్యేకు గాలం వేశారు, ఫలానా నాయకుడికి మంత్రి పదవి ఎరగా చూపారు. ఈ రోడ్డులో ఒకటో నంబరు ఆంధ్రభవన్. 11వ నంబరు బంగళా 2018 దాకా భారతీయ జనతా పార్టీ కేంద్ర కార్యాలయం. కాబట్టి ఇక్కడ టీ తాగేవారికి ఎరల గురించి తెలియనిదేమీ ఉండదనుకోవచ్చు. అయితే అసలు గాలం, అసలు చేప దగ్గరకు వచ్చేసరికి ఆ పరిజ్ఞానం ఎందుకూ కొరగాదు.

ఇండియా గేటు దగ్గర మొదలై గోల్ డాక్‌ఖానా దాకా సాగే ఈ రోడ్డులో చేప కనిపించేది రెండు చోట్లే. ఒకటి ఆంధ్రభవన్ క్యాంటీన్ పళ్లెంలో. రెండోది ఆ చివరనున్న బంగ్లా సాహిబ్ గురుద్వారా సరోవరంలో. మొదటిదాన్ని పట్టనక్కర్లేదు, రెండోదాన్ని పట్టకూడదు. గాలం సరదా ఉన్న తెలుగువాడు సంక్రాంతి సెలవు కోసం ఎదురుచూస్తూ, రైలు పట్టాల మీద రెండు వేల కిలోమీటర్ల అవతలున్న విశాఖ సముద్రాన్ని తలచుకుంటూ ఫోన్లో ఎరలు కొంటాడు. విశాఖ, భీమిలి, కాకినాడ తీరాల్లో రాడ్డు, రీలు పట్టుకున్న యువకులు తరచుగా కనిపిస్తున్న ఈ రోజుల్లో అలా కొనేవారు ఢిల్లీలోనే కాదు, హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఉన్నారు. వాళ్లందరి బుట్టలోకీ ముందుగా చేరుతున్నది మెత్తటి ప్లాస్టిక్ చేప. దుకాణాల భాషలో సాఫ్ట్ ప్లాస్టిక్ స్విమ్‌బెయిట్.

చేతిలో పట్టుకుంటే జెల్లీలా ఊగే ఈ బొమ్మ చేపకు అచ్చం నిజం చేపలా కళ్లు, పొలుసుల గీతలు ఉంటాయి. చివర తోక మాత్రం నిజం చేపకు ఉన్నట్టు ఉండదు. చిన్న గరిటెలా అడ్డంగా తిరిగి ఉంటుంది. తలలో సీసపు గుండు, వీపులోంచి పైకి వచ్చే గాలపు ముల్లు. నీళ్లలో లాగితే తోక అటూ ఇటూ కొట్టుకుంటుంది, ఒళ్లు పొర్లుతుంది. ఇవి వందల రకాలు, పదుల రంగులు. కొనేవాడు తెరమీద బొమ్మలు చూసి మనసు పారేసుకుంటాడు. చేప ఇంకా ఎరను చూడనే లేదు, మనిషి అప్పుడే చిక్కుకున్నాడు.

అక్రోన్ నుంచి అంతర్వేది దాకా

మెత్తటి ప్లాస్టిక్ ఎర వయసు ముప్పావు శతాబ్దం. 1949లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం అక్రోన్ నగరంలో నిక్ క్రీమ్ అనే ఆయన ఇంట్లోనే ప్లాస్టిక్ వానపామును పోత పోశాడు. వానపాము తరవాత తొండలు, కప్పలు, రొయ్యలు, చివరకు చేపలు వచ్చాయి. ముడిసరుకు మాత్రం చాలావరకు అదే. పీవీసీ పొడిని మెత్తదనాన్నిచ్చే రసాయన ద్రవంలో కలిపి వేడిచేస్తే చిక్కబడుతుంది. అచ్చులో పోసి చల్లారిస్తే మెత్తటి చేప తయారవుతుంది. ద్రవం పాలు ఎక్కువైతే ఎర మరింత మెత్తగా ఉండి బాగా ఊగుతుంది, త్వరగా చిరుగుతుంది. తక్కువైతే నాలుగు కాట్లకు ఆగుతుంది, నెమ్మదిగా లాగితే తోక కదలదు. ఈ బేరం తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఇటీవలి కాలంలో పీవీసీకి బదులు సాగే గుణమున్న మరో రకం ప్లాస్టిక్ కూడా వచ్చింది. రబ్బరు బ్యాండులా లాగినా తెగదు, నీళ్లలో తేలుతుంది. అయితే దాన్ని మామూలు ఎరలతో ఒకే డబ్బాలో పెడితే రెండూ కరిగి ముద్దయిపోతాయి. ఏ రకాన్ని ఆ రకం సంచీలోనే ఉంచాలి. ఢిల్లీ ఎండలో కారులో వదిలేస్తే తోకలు వంకరపోతాయి. వంకరపోయిన తోకను వేడినీళ్లలో కాసేపు ముంచి, తిన్నగా పట్టుకుని చల్లటి నీళ్లలో పెడితే మళ్లీ పనికొస్తుంది.

ముందు చేప, తరవాత ఎర

దుకాణం రంగుతో మొదలుపెడుతుంది. తెలివైనవాడు చేపతో మొదలుపెట్టాలి. దాదాపు వెయ్యి కిలోమీటర్ల ఆంధ్ర తీరంలో మెత్తటి ఎరకు తగిన చేప ఏదంటే మొదట చెప్పాల్సింది పండుగప్ప. ఢిల్లీలో చిత్తరంజన్ పార్కు మార్కెట్‌లో బెంగాలీలు భెట్కీ అని పిలిచేదీ, ఆస్ట్రేలియాలో బర్రాముండి పేరుతో ప్రసిద్ధికెక్కిందీ ఈ చేపే. గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసేచోట, మడ అడవుల పక్క పాయల్లో, వంతెన స్తంభాల నీడలో, రాళ్ల గట్ల అంచున ఇది కదలకుండా పొంచి ఉంటుంది. పక్కనుంచి పోయే చిన్న చేపనో రొయ్యనో నోరు ఒక్కసారిగా తెరిచి, నీళ్లతో సహా లోపలికి పీల్చేసుకుంటుంది. కొరికి తినే చేప కాదు, మింగే చేప. అందుకే దానికి గట్టి చెక్క ఎర కంటే నోట్లో నలిగే మెత్తటి ఎర మేలు. అది ఒక్క క్షణం ఎక్కువసేపు ఉమ్మకుండా ఉంచుకుంటుంది. గాలం వేసేవాడికి కావలసింది ఆ ఒక్క క్షణమే.

పార చేపలు, మాగ కూడా మెత్తటి ఎరను బాగానే అందుకుంటాయి. వంజరం సంగతి వేరు. విశాఖ వైపు కోనం అని పిలిచే ఈ చేపకు పళ్లు బ్లేడుల్లా ఉంటాయి. ఎర సగానికి తెగి తోక దాని కడుపులోకి, తల మన చేతికి వస్తాయి. వంజరం కోసం వెళ్లేవాడు ప్లాస్టిక్ మీద డబ్బు తగలేయడం అనవసరం. మెరిసే లోహపు ఎర, దాని ముందు జానెడు ఉక్కు తీగ చాలు. తన సరుకు ఎక్కడ పనికిరాదో ఏ ప్యాకెట్టు మీదా రాసి ఉండదు కాబట్టి ఈ విషయం ముందే తెలిసి ఉండాలి.

చేప తేలాక పొడవు. ఆ రోజుల్లో ఆ నీళ్లలో అది తింటున్నదేమిటో దాని కొలతే ఎర కొలత. ఒడ్డు దగ్గర నెత్తళ్లు, చిన్న కవళ్లు గుంపులుగా తిరుగుతుంటే మూడు అంగుళాల ఎర. కానాగంతలు, ఎదిగిన కవళ్లు ఉంటే నాలుగు నుంచి అయిదు అంగుళాలు. ఊళ్లో దిగగానే చేపల రేవుకు వెళ్లి బుట్టల్లోకి ఒకసారి తొంగిచూస్తే ఈ సమాచారం ఉచితంగా దొరుకుతుంది. ఏ అంకెల చిట్టా కంటే రేవులో చేపలమ్మే ఆడవాళ్ల మాట నమ్మదగ్గది. ఏదీ తెలియనప్పుడు నాలుగు అంగుళాలది తీసుకోవడం ఉత్తమం. చిన్నవీ అందుకుంటాయి, పెద్దవీ కాదనవు.

బకెట్టు పరీక్ష

మూడోది తోక. స్విమ్‌బెయిట్ ప్రాణమంతా అక్కడే ఉంది. లాగినప్పుడు ఒంటి వెంట జారే నీరు గరిటెలాంటి తోకకు తగిలి, ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు సుడి తిరుగుతుంది. ఆ సుడులే తోకను ఆడిస్తాయి. చేపకు ఒంటి పక్కన తల నుంచి తోక దాకా సాగే ఒక గీత ఉంటుంది. నీటిలోని సన్నటి అదురును కూడా అది పసిగడుతుంది. గోదావరి బురదనీటిలో, మసక చీకట్లో పండుగప్ప ఎరను కంటితో చూడటానికి ముందే ఆ గీతతో వింటుంది. తోక ఆడని ఎర ఎంత అందంగా ఉన్నా దానికి లేనట్టే లెక్క.

గరిటె పెద్దదై, దాని మెడ సన్నగా ఉంటే నెమ్మదిగా లాగినా తోక ఆడుతుంది. బురదనీటికి, చలికాలపు ఉదయాలకు, రాత్రివేళకు అది తగినది. గరిటె చిన్నదై, మెడ లావుగా ఉంటే వేగంగా లాగితేనే ఆడుతుంది. అలల మీద పరుగెత్తే పార చేపల కోసం, తేటనీటి కోసం అది. దీన్ని తేల్చుకోవడానికి సముద్రం అక్కర్లేదు. ఢిల్లీ ప్రభుత్వ క్వార్టరులో ఒక బకెట్టు నీళ్లు చాలు. ఎరకు గాలం గుచ్చి, దారం కట్టి, నీటిలో అంచు నుంచి అంచుకు మెల్లగా లాగాలి. తోక కొట్టుకుంటే నెమ్మది ఎర. వేగం పెంచితే గానీ కొట్టుకోకపోతే వేగపు ఎర. ఎంత లాగినా కర్రలా వస్తే మెత్తదనం చాలలేదు, లేదా గాలం వంకరగా గుచ్చారు. కొత్తవారిలో ఎక్కువమందికి జరిగేది ఆ రెండోదే. గాలం మొన సరిగ్గా వీపు నడిమి గీత మీద పైకి రాకపోతే ఎర బొంగరంలా తిరుగుతుంది, దారం మెలిపడుతుంది. తిరిగే ఎరను ఏ చేపా నమ్మదు.

నాలుగోది బరువు. చేపలు పడకపోవడానికి రంగు కంటే, తోక కంటే సీసపు గుండు కారణమయ్యే సందర్భాలే ఎక్కువ. ఎర చేప ఉన్న లోతుకు చేరాలి. అంతకంటే ముఖ్యంగా, చేరాక రాయిలా పడి ఉండకూడదు. అడుగును తాకగలిగినంత బరువులో అన్నిటికంటే తేలికైనది ఎంచుకోవాలన్నది ఇక్కడి సూత్రం. పాయల్లో రెండు మూడు మీటర్ల లోతుకు 10 నుంచి 14 గ్రాములు సరిపోతుంది. పోటు, పాటు లాగుతున్నప్పుడు 21 గ్రాములు కావాలి. పడవ మీద నుంచి లోతునీటిలోకి వేసేటప్పుడు 28 గ్రాములు, అంతకు పైన. ఎర నీళ్లలో పడ్డాక ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ దారం వదులయ్యే క్షణం కోసం చూడాలి. అడుగు ఎంత దూరాన ఉందో ఆ అంకె చెబుతుంది. రాడ్డు మీద రాసి ఉన్న బరువులో సీసపు గుండునే లెక్కేసి ప్లాస్టిక్‌ను మరిచిపోవడం మరో పొరపాటు. అయిదు అంగుళాల ఎర ఒక్కటే పది గ్రాములు దాటుతుంది.

చివరగా రంగు. అందరూ మొదట చూసేది ఆఖరున చూడాల్సింది. వరదల కాలంలో గోదావరి ఎర్రగా పారుతున్నప్పుడు తెలుపు, నిమ్మపసుపు వంటి ప్రస్ఫుటమైన రంగులు. తెల్లవారుజామున, సాయంసంధ్యలో ఆకాశం వెలుతురు మీద నీడలా కనిపించే నలుపు, ముదురు ఊదా. జనవరి నుంచి విశాఖ వైపు నీరు తేటపడినప్పుడు పచ్చటి వీపు, వెండి పొట్ట ఉన్న సహజమైన రంగులు. ఎరుపు మీద మోజుపడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. నీరు ముందుగా మింగేసేది ఎరుపు వెలుగునే. కొద్ది మీటర్ల లోతున ఎర్రటి ఎర నల్లగానే కనిపిస్తుంది. తెలుపు, నలుపు, వెండి ఈ మూడు రంగులుంటే చాలు. మిగతావన్నీ డబ్బాను అలంకరించడానికే.

ముల్లు ఒకటే చాలు

ఉప్పునీటిలో నాసిరకం గాలపు ముల్లు ఒక్క రాత్రికే తుప్పు పడుతుంది. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టవలసింది ప్లాస్టిక్ మీద కాదు, దాని లోపల ఉండే ఇనుము మీద. ముల్లు బలహీనంగా ఉంటే పండుగప్ప ఒక్క ఎగురుతో దాన్ని తిన్నగా చేసేస్తుంది. ఆ చేప మొప్ప రేకు అంచు కత్తిలా ఉంటుంది. మెయిన్ దారానికి ముందు రెండు మూడు అడుగుల మందపాటి దారం కట్టకపోతే చేపా పోతుంది, ఎరా పోతుంది. ఇంటికి రాగానే సామానంతా మంచినీటితో కడగాలి.

అయితే ముల్లు విషయంలో బలం కంటే పెద్ద ప్రశ్న మరొకటి ఉంది. పండుగప్ప జీవితంలో ఒక విచిత్రముంది. ఇది మగచేపగా పెరిగి పెద్దదవుతుంది. కొన్నేళ్లు మగచేపగా బతికాక ఆడచేపగా మారుతుంది. అంటే ఏటి ముఖద్వారంలో గాలానికి తగిలే అతి పెద్ద పండుగప్ప దాదాపు ఎప్పుడూ తల్లే. ఒక్కసారికి లక్షల గుడ్లు పెట్టగల తల్లి. ఫొటో దిగడానికి అందరూ కోరుకునేది సరిగ్గా ఆ చేపనే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తూర్పు తీరంలో 58 సెంటీమీటర్ల కంటే చిన్నదాన్నే కాదు, 120 సెంటీమీటర్లు దాటినదాన్ని కూడా ఇంటికి తీసుకెళ్లకూడదన్న నియమం ఉన్నది అందుకే. చిన్నవాటిని వదలాలని అందరికీ తెలుసు. పెద్దవాటిని కూడా వదలాలన్నది ఈ చేప నేర్పే పాఠం. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ 1997లో దేశంలో తొలిసారిగా పండుగప్ప పిల్లల్ని హేచరీలో పుట్టించగలిగింది. కృష్ణా జిల్లా చెరువుల్లో దీన్ని పెంచే రైతులూ ఉన్నారు. కానీ చెరువులో పెరిగే చేప ఏటి పాయలోని చేపకు బదులు కాదు.

ఈ బాధ్యత వేటే బతుకుగా ఉన్న మత్స్యకారుడి మీద మోపడం అన్యాయం. అతని వలలో పడిన పెద్ద పండుగప్ప ఇంట్లో కొన్ని రోజుల భోజనం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం భారాన్ని మోసేది కూడా అతనే. విమానంలోనో ఏసీ బోగీలోనో వచ్చి, సరదా కోసం గాలం వేసి, మర్నాడు ఆఫీసుకు వెళ్లే మనిషికి మాత్రం ఆ మినహాయింపు లేదు. వదిలేయడం అతనికి భరించలేని ఖర్చేమీ కాదు. వదలగలగాలంటే ముందే తగిన ఎర కొని ఉండాలి.

మెత్తటి ఎరకు నిజంగా పేరు రావాల్సింది ఇక్కడే. బతికున్న రొయ్యను గుచ్చితే చేప దాన్ని హాయిగా కడుపులోకి మింగేస్తుంది. గాలం పేగుల దాకా దిగుతుంది. అలా దిగిన చేపను వదిలినా బతకడం కష్టం. కదిలే ఎరను అందుకున్న చేపకు ముల్లు సాధారణంగా పెదవి దగ్గరే దిగుతుంది. రెండేసి మూడు మొనల గాలాలు వేలాడే గట్టి ఎరలతో పోలిస్తే ఒకే ముల్లున్న స్విమ్‌బెయిట్‌ను తీయడం తేలిక. ముల్లు వెనకనున్న కొసను పట్టుకారుతో నొక్కేస్తే మరీ తేలిక. కొన్ని చేపలు జారిపోతాయి, నిజమే. దారాన్ని బిగువుగా ఉంచడం అలవాటైతే ఆ నష్టం కొద్దిగానే ఉంటుంది. చేపను తడిచేత్తో పట్టుకుని, పొట్ట కింద ఆసరా ఇచ్చి, ఊపిరి బిగబట్టినంతసేపట్లో నీళ్లలోకి పంపాలి. దవడ పట్టుకుని నిలువునా వేలాడదీసి ఫొటోలు తీస్తే వదిలినా వదలనట్టే.

మెత్తటి ఎరకు మచ్చ కూడా ఉంది. అది ప్లాస్టిక్. కుళ్లదు, చేప కడుపులో అరగదు. 2022 జులై 1న దేశంలో నిషేధించిన ఒకసారి వాడి పారేసే వస్తువుల జాబితాలో స్ట్రాలు, చెంచాలు, ప్లేట్లు ఉన్నాయి గానీ ఎరలు లేవు. లేనంత మాత్రాన రాళ్ల మధ్య వదిలేసిన తోక మాయమైపోదు. చిరిగిన పీవీసీ ఎరను ఫెవిక్విక్ చుక్కతో అతికించి మరో పదిసార్లు వాడుకోవచ్చు. ఇక పనికిరానిదాన్ని జేబులో వేసుకుని వెనక్కు తీసుకురావడమే దారి. సీసం సంగతీ అంతే. హంసలు మింగి చనిపోతున్నాయని బ్రిటన్ 1987లోనే చిన్న సీసపు గుండ్ల అమ్మకాన్ని నిషేధించింది. టంగ్‌స్టన్ గుండ్లు ఖరీదైనవి. వాటిని కొనలేనివారు కనీసం రాళ్ల మీద దారం తెగకుండా ఉండటానికి ముల్లు మొనను ఎర వీపులో దాచే పద్ధతి నేర్చుకోవాలి. కోరింగ, కృష్ణా అభయారణ్యాల చుట్టుపక్కల గాలం వేసేముందు ఎక్కడి దాకా వెళ్లవచ్చో అటవీ శాఖను అడిగి తెలుసుకోవాలి.

మొత్తం మీద సంక్రాంతికి ఊరెళ్లేవాడి సంచీలో ఉండాల్సినవి తక్కువే. మెడ సన్నగా ఉన్న నాలుగు అంగుళాల తెల్ల ఎరల ప్యాకెట్టు ఒకటి, అదే కొలతలో నలుపు ఒకటి, తేటనీటికి మూడు అంగుళాల వెండిరంగువి ఒకటి. 10, 14, 21 గ్రాముల గుండ్లు తలా నాలుగు, అన్నీ ఒకే ముల్లువి, మంచివి. ఒక పట్టుకారు. చిరిగిన ఎరలు తిరిగి తెచ్చుకోవడానికి ఒక ఖాళీ సంచీ. నలభై రంగుల డబ్బాకయ్యే ఖర్చు కంటే ఇది తక్కువ. ఆ మిగిలిన డబ్బుతో రేవులో తాజా చేప కొనుక్కుంటే, ఏట్లో పడిన పెద్ద పండుగప్పను వదిలి రావడానికి చేతులు వణకవు.